ఎడమవైపు వెనక తలుపు

కళ్ళజోళ్ళ కొట్టు నుంచి,
మంగళవారం మధ్యాహ్నం

ఒరే చిన్నోడా,

ముందు కంగారుపడకు. నాన్న బాగానే ఉన్నారు. మోకాలి మీద అరచెయ్యంత మేర కమిలింది, మోచేయి గీసుకుపోయింది, అంతే. "అంతే" అని రాశాను గానీ నిన్నటి నుంచి నాకు అరికాలి మంట నెత్తికెక్కి దిగనంటోంది.

సంగతి విను. నాన్నను చూసుకునే ఆయమ్మ వారానికి మూడు రోజులు ఆయన్ని మన పాత కార్లో వ్యాయామం చేయించే చోటికి తీసుకెళ్తుందని నీకు తెలుసుగా. నేను కొట్టు వదిలి కదల్లేను కాబట్టి ఆవిడే నడుపుతుంది. ముందు కూర్చోబెడితే, ఈ మతిమరుపులో నాన్న స్టీరింగు పట్టుకుని లాగుతున్నారని వెనక ఎడమవైపు కూర్చోబెడతాం. ఒకసారి నడుస్తున్న బండిలోంచి దిగబోయారు. అప్పుడు ఆ తలుపుకి పిల్లల లాకు వేయించింది నేనే. లోపల్నుంచి ఎంత లాగినా అది తెరుచుకోదు, బయటి హ్యాండిల్ పట్టుకునే తీయాలి. అద్దం కిందకీ మీదకీ ఆడిస్తున్నారని ఆ తిప్పే పిడి కూడా పీకేశాను. కుడివైపు వెనక తలుపు లారీ గుద్దిన నాటి నుంచి బిగుసుకుపోయి ఉంది.

నిన్న అక్కడ కారు ఆపి, ఆవిడ చుట్టూ తిరిగొచ్చి ఆ హ్యాండిల్ లాగితే ఊడి చేతిలోకి వచ్చిందట. నాన్న లోపల చిక్కుకుపోయి కేకలు పెట్టారట. చివరికి ముందు సీట్ల మధ్య సందులోంచి ఆయన్ని బయటికి లాగిందట. ఇదీ ఆవిడ చెప్పిన కథ.

కథ అని ఎందుకంటున్నానంటే, వాళ్ళు లోపలికి వచ్చేసరికి నలభై నిమిషాలు ఆలస్యమైందని అక్కడి అమ్మాయి చెప్పింది. సందులోంచి మనిషిని లాగడానికి నలభై నిమిషాలా? ఎదురుగా పళ్ళ బండి అతన్ని అడిగాను. "కారు చాలాసేపు ఆగే ఉందమ్మా, లోపల పెద్దాయన ఒక్కడే కనిపించాడు" అన్నాడు. నాకు అర్థమైంది ఇది. నాన్నను ఆ ఎండలో కార్లో వదిలేసి ఆవిడ తన పని మీద పోయింది. తిరిగొచ్చి ఆయన అవస్థ చూసి, గాభరాలో లాగి విరగ్గొట్టింది.

ఊడిన ముక్క నా దగ్గరే ఉంది. కొట్లో భూతద్దం కింద పెట్టి చూశాను. వెనక రెండు కాళ్ళలాంటివి ఉన్నాయి, రెండూ విరిగాయి. ఒకటి విరిగిన చోట తళతళ మెరుస్తోంది. రెండోది మాత్రం పసుప్పచ్చగా, ఎండిన జిగురులా ఉంది. అదేంటో చెప్పు.

డెంటింగ్ మేస్త్రికి చూపిస్తే, ఈ మోడలు హ్యాండిళ్ళు రావడం మానేసి పదేళ్ళయింది, కారు తుక్కుకి వేసేయండి అన్నాడు. నిన్ను వేస్తాను తుక్కుకి అని వచ్చేశాను. వేరే బండి ఎక్కమంటే నాన్న వీధిలోనే కూర్చుండిపోతారు. ఆ కారు లేకపోతే ఆయన వ్యాయామం లేదు, ఆ వ్యాయామం లేకపోతే నాలుగడుగులు కూడా వేయలేరు.

నువ్వు ఫిట్టరువి. నేను ఆవగింజంత స్క్రూలు బిగించి బతికేదాన్ని. ఎలా విప్పాలో, ఎలా అతకాలో వివరంగా రాయి, నేనే చేస్తాను. తలుపు మూసుకునే ఉందని మర్చిపోకు. నీ ఫోను ఎలాగూ ఆ కొండల్లో మోగదు. మీ పనికి సామాను తెచ్చే లారీ గురువారం ఇక్కణ్ణుంచి బయల్దేరుతుంది, జవాబు తిరుగు లారీలో పంపు.

నీ అక్క


వంతెన పని దగ్గర, మూడో నంబరు రేకుల షెడ్డు,
ఆదివారం

అక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాన్న మాట్లాడుతున్నారా? ఆ రోజు గురించి ఏమైనా అన్నారా?

పచ్చరంగు గురించి బుర్ర పాడుచేసుకోకు. అది చవకరకం పోత లోహం, పాతబడితే లోపల అలాగే రంగు మారుతుంది. పాతికేళ్ళు దాటిన కారు, దానంతటదే విరిగింది. దీంట్లో ఎవర్నీ అనడానికి లేదు. ఇంతకీ ఆయమ్మ ఏమంటోంది?

పని చెప్తాను, జాగ్రత్తగా చదువు. నువ్వు వెనక సీట్లో కూర్చునే చేయాలి. చెయ్యి ఆనించుకునే దిమ్మ కింద రెండు స్క్రూలు, లోపలి పిడి గిన్నెలో ఒకటి, మొత్తం మూడు విప్పు. తర్వాత తలుపు లోపలివైపు అట్ట అంచు చుట్టూ చప్పటి స్క్రూడ్రైవరు దూర్చి మెల్లగా లేపుకుంటూ రా. టప్‌టప్ మని క్లిప్పులు ఊడతాయి. ఒకటో రెండో విరిగినా ఏడవకు. అట్ట వెనక పల్చటి ప్లాస్టిక్ కాగితం ఉంటుంది, చింపకుండా పైనుంచి సగం వరకూ ఒలుచు. లోపల చెయ్యి పెడితే హ్యాండిల్ నుంచి లాకు దాకా దిగే సన్నటి ఊచ తగులుతుంది. దాన్ని కిందికి నొక్కు. తలుపు తెరుచుకుంటుంది. ముందు పిల్లల లాకు తీసెయ్. తర్వాత పది నంబరు పానాతో రెండు నట్లు విప్పితే హ్యాండిల్ దిమ్మ మొత్తం నీ చేతిలోకి వస్తుంది. రేకు అంచులు కత్తుల్లా ఉంటాయి, చేతికి గుడ్డ చుట్టుకో.

అతికే పద్ధతి తర్వాత రాస్తాను. తొందరేం లేదు. అసలు అట్ట విప్పకుండా నేను వచ్చేదాకా ఆగినా పర్లేదు. రెండు నెలల్లో నాకు సెలవు దొరుకుతుంది.

ఆయమ్మ హ్యాండిల్ గురించి ఇంకేమైనా చెప్పిందా? ఆవిడ మంచి మనిషి అక్కా. నేనొచ్చినప్పుడు చూశానుగా.

నీ తమ్ముడు


ఇంటి నుంచి,
శుక్రవారం సాయంత్రం

ఒరే చిన్నోడా,

ఒక్క ఉత్తరంలో ఆయమ్మ ఏమందని రెండుసార్లు అడిగావు. నాన్న మోకాలు ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు. పోనీలే, తగ్గుతోంది.

రంగు మారిందని నాకు చెప్తున్నావా? రోజుకి పది ఫ్రేములు అతికిస్తాను నేను. జిగురు పాతబడితే ఏ రంగుకి వస్తుందో నీ కంటే నాకే బాగా తెలుసు. అది రెండు ట్యూబులు కలిపే గమ్మే. సూదితో గీకాను, పెచ్చులా లేచింది. అంటే ఆ కాలు ఎప్పుడో విరిగింది, ఎవరో అతికించారు, అతికించి నాకు చెప్పకుండా నోరు మూసుకున్నారు. కారు నేను తోలను. నువ్వు ఏడాదికోసారి వస్తావు. ఇంకెవరున్నారు?

ఆవిణ్ణే అడిగాను. ముక్క చేతిలో పెట్టి, "ఇది ఇంతకుముందే విరిగిందా?" అన్నాను. వెంటనే చెప్పలేదురా. ముక్క వైపు చూసింది, వరండాలో కూర్చున్న నాన్న వైపు చూసింది, నీళ్ళు నమిలింది. అప్పుడు "నాకు తెలీదమ్మా" అంది. జనం కళ్ళలోకి చూసి బతికేదాన్ని నేను. తెలియని మనిషి చూపు అలా ఉండదు. ఆవిడ నా దగ్గర ఏదో దాస్తోంది. అది మాత్రం నేను ఒట్టేసి చెప్పగలను.

మర్నాటి నుంచి రావద్దన్నాను. మారుమాట్లాడలేదు. నాన్న మందుల వేళలు ఒక కాగితం మీద రాసి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తప్పు చేయని మనిషి అయితే నాలుగు మాటలు తిరిగి అనదూ?

ఇప్పుడు కొత్తగా ఒకమ్మాయి వస్తోంది. నాన్న ఆమె చేతి ముద్ద నోట్లోకి పోనివ్వడం లేదు. "అమ్మడు ఏది?" అని ఆయమ్మ కోసం పొద్దున్నించి నాలుగుసార్లు అడిగారు. నేను ఆయన కూతుర్ని, రోజూ ఎదురుగా తిరుగుతున్నాను, నా గురించి ఒక్కసారైనా అలా అడిగారా అని ఉడుకుమోత్తనం కూడా వచ్చింది. నిజం చెప్పడానికి నాకేం సిగ్గులేదు.

ఒకటో తారీకున, ఆయాలను పంపే ఆ ఆఫీసుకి ఉత్తరం వేస్తున్నాను. పెద్దవాళ్ళను కార్లో వదిలేసి పోయే మనిషి అని, వస్తువు విరగ్గొట్టి దాచే మనిషి అని. ఆ తర్వాత ఈ ఊళ్ళో ఆవిణ్ణి ఎవరూ పనిలో పెట్టుకోరు. పెట్టుకోకూడదు కూడా. రేపు ఇంకొకళ్ళ నాన్నకి ఇదే జరిగితే?

అతికే పద్ధతి రాయి. ఆగమని మాత్రం రాయకు.

నీ అక్క


రేకుల షెడ్డు,
మంగళవారం

అక్కా,

ఆ ఉత్తరం వేయకు. ఆవిడకి ముగ్గురు పిల్లలు. పళ్ళ బండివాడు చూసిందంతా నిజమేనా? అద్దంలోంచి ఏం కనిపిస్తుంది? నువ్వు ముక్కు మీద కోపంతో చేసినవి తర్వాత నువ్వే బాధపడిన రోజులు లేవా?

లారీతో పల్చటి ఇనపపట్టీలు రెండు పంపుతున్నాను. ఎల్ ఆకారంలో వంచే ఉన్నాయి. ముక్కల్ని స్పిరిటుతో తుడిచి, గరుకు కాగితంతో రుద్దు, నున్నగా ఉంటే గమ్ము పట్టదు. రెండు ట్యూబులూ సమానంగా కలిపి కాళ్ళు అతికించు. ఒక్క గమ్ముని నమ్ముకోకు, అది ఎప్పటికైనా జారుతుంది. ప్రతి కాలు వెనకా పట్టీ ఆనించి, చిన్న చిల్లులు వేసి, నీ దగ్గరుండే బుల్లి స్క్రూలు బిగించు. గమ్ము స్ప్రింగులోకి కారకుండా చూసుకో. ఒక రోజంతా ముట్టుకోకు.

ఇంకొకటి, ఇది అందరూ మర్చిపోతారు. బిగించాక తలుపు మూసేయకు. తెరిచి ఉండగానే లాకు నాలుకని స్క్రూడ్రైవరుతో మూసి, హ్యాండిల్ లాగి చూడు. అది టక్కున విడితేనే మూయాలి. లేదంటే మళ్ళీ మొదటికి వస్తావు.

నేను రాయాల్సింది ఇంకా ఉంది. ఇవాళ రాయలేను. పైన గడ్డర్లు ఎత్తుతున్నారు, పిలుస్తున్నారు. వచ్చేవారం రాస్తాను. అంతదాకా ఆ ఉత్తరం వేయకు.

నీ తమ్ముడు


కళ్ళజోళ్ళ కొట్టు నుంచి,
రెండో తారీకు, మధ్యాహ్నం

చిన్నోడా,

నిన్న ఉదయం ఆ ఉత్తరం వేసేశాను. వేయకు అన్నావు గానీ ఎందుకు వేయకూడదో చెప్పలేదు. ముగ్గురు పిల్లలున్నంత మాత్రాన తప్పు ఒప్పవుతుందా అనుకున్నాను.

ఇవాళ కొట్టు మూసి, తలుపు విప్పాను. నువ్వు చెప్పినట్టే మూడు స్క్రూలు. క్లిప్పులు రెండు విరిగాయి, ఏడవలేదు. ఊచ నొక్కగానే తలుపు తెరుచుకుంటే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయాను. దిమ్మ బయటికి తీసి కొట్లో దీపం కింద పెట్టాక ఆ సంబరం చచ్చిపోయింది.

దిమ్మ మీద మిగిలిన పచ్చ కాలుకి దారం ఉంది. మామూలు దారం కాదు. మైనం పట్టించిన నారదారం, పుస్తకాలు కుట్టేది. వరస తప్పకుండా తొమ్మిది చుట్లు, దారం మీద దారం ఎక్కకుండా, పైన గమ్ము పూత. ముడి ఎక్కడుందా అని వెతికితే కనబడలేదు. చుట్ల కిందకి లాగేసి ఉంది.

నలభై ఏళ్ళు బైండింగ్ పని చేసిన మనిషి పిల్లలం. ఆ ముడి నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. నాన్న నాకూ నేర్పబోయారు, నాకు ఓపిక లేక వదిలేశాను. నేర్చుకున్నవాడివి నువ్వొక్కడివే. ఆయమ్మకి ఈ ముడి రాదు. నాకే రాదు.

అంటే నువ్వు. అందుకే రంగు మారిందన్నావు. అందుకే అట్ట విప్పకుండా ఆగమన్నావు. ఆయమ్మ ఏమంది, ఏమంది అని అందుకే అడిగావు. ఒక ఆడమనిషి పని పోతోందని తెలిసి కూడా గడ్డర్లు ఎత్తుతున్నారని రాస్తావా? ఆవిడ ఎందుకు దాచింది? మీరిద్దరూ కలిసి నా వెనక ఏం చేశారు? నాన్నకి ఏం జరిగింది?

ఇంకోసారి నీళ్ళు నమిలావంటే ఆ లారీ ఎక్కి నేనే వస్తాను.

అక్క


రేకుల షెడ్డు,
రెండో తారీకు

అక్కకు,

వచ్చేవారం అన్నాను గానీ అంతదాకా ఆగలేను. సామాను దించే లారీ ఒకటి ఇవాళ వెనక్కి వెళ్తోంది, దాంట్లో పంపుతున్నాను. ఆ ఉత్తరం నువ్వు వేయకముందే ఇది నీకు అందాలని దణ్ణం పెట్టుకుంటున్నాను.

పోయిన ఎండాకాలం నేనొచ్చినప్పుడు, ఆయమ్మ సెలవు రోజున నాన్నను నేనే కార్లో తిప్పుతానన్నాను గుర్తుందా? ఇనప సామాన్ల కొట్టు ముందు ఆపాను. ఐదు నిమిషాల్లో వస్తా నాన్నా అని దిగాను. లోపల పాత స్నేహితుడు కనిపించాడు. ఆ కబురూ ఈ కబురూ. నవ్వుకుంటూ నిలబడిపోయాను. నాన్న కార్లో ఉన్నారన్నది నా బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. గంటసేపు అక్కా. అద్దాలు మూసి ఉన్నాయి. నువ్వు పిడి పీకేశావని నాకు తెలుసు, లాకు వేయించావని తెలుసు, అన్నీ తెలిసే.

బయటికొచ్చేసరికి ఆయన మొహం అద్దానికి ఆనించి ఉంది. ఎర్రగా కందిపోయి. కేకలు కూడా వేయడం లేదు. నేను హ్యాండిల్ని రెండు చేతులతో పట్టుకుని ఎంత బలముందో అంతా పెట్టి లాగాను. ఒక కాలు ఫట్‌మంది, తలుపు తెరుచుకుంది. చొక్కా అంతా తడిసి ముద్దయి ఉన్నారు. నీళ్ళు తాగించి నీడలో పడుకోబెట్టాను. పావుగంట దాకా మాట రాలేదు. తర్వాత నన్ను చూసి, "భోంచేశావా?" అన్నారు.

ఆ కొట్లోనే గమ్ము తీసుకుని అక్కడే, కళ్ళు మసకబారుతుంటే, గబగబా అతికించేశాను. నీకు చెప్పలేదు. చెబితే ఇంకెప్పుడూ నాన్నను నా చేతికి ఇవ్వవని భయం. నువ్వు తిడతావని భయం. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంకా నీ తిట్టంటే భయమే.

నువ్వు ఆయమ్మ చేసిందంటున్న పని చేసింది నేను. ఆయన్ని కార్లో వదిలేసిందీ నేనే, విరగ్గొట్టి దాచిందీ నేనే. మొదటి ఉత్తరం చదివినప్పుడే తేలు కుట్టిన దొంగలా అయిపోయాను. అయినా పచ్చరంగు అని అబద్ధం రాశాను. ఇది ఎవరికైనా చూపించు. ఆ ఆఫీసుకే చూపించు.

తమ్ముడు


రేకుల షెడ్డు,
తొమ్మిదో తారీకు

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నువ్వు వేసేశావన్నమాట. నాదే ఆలస్యం.

కానీ దారం నేను చుట్టలేదు. ఒట్టు. వట్టి గమ్ము, అదీ హడావుడిగా. దారం మాటే నాకు తోచలేదు. ఎవరు చుట్టారో నాకు తెలీదు.

సెలవు చీటీ పెట్టాను. ఇరవయ్యో తారీకుకి వస్తాను.

తమ్ముడు


ఇంటి నుంచి,
పద్నాలుగో తారీకు, ఉదయం

చిన్నోడా,

నీ పెద్ద ఉత్తరం నాలుగో తారీకున వచ్చింది. చదివి ఏడ్చాను, తర్వాత నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. కొట్లో ఒక్కదాన్నే ఉండి గోడని చూస్తూ తిట్టాను, నువ్వు తప్పించుకున్నావు. మర్నాడే ఆ ఆఫీసుకి వెళ్ళాను. నా ఉత్తరం అప్పటికే పెద్దావిడ బల్ల మీద ఉంది. అందరి ముందూ, నేను రాసింది తప్పు, వెనక్కి ఇవ్వండి అన్నాను. తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఇచ్చింది గానీ, ఆయమ్మకి ఆ వారం రావాల్సిన పని అప్పటికే ఇంకొకరికి పోయింది.

ఆయమ్మ దగ్గరికి మాత్రం వెంటనే వెళ్ళలేదు. నా బుద్ధి నీకు తెలుసుగా. దారం సంగతి తేలందే కాలు కదలలేదు. నువ్వు చుట్టి ఉంటావనుకుంటే, అంతా ఒప్పుకున్నవాడివి తొమ్మిది చుట్ల గురించి ఒక్క ముక్కా రాయలేదు. పదకొండో తారీకున నీ చిన్న చీటీ వచ్చింది. ఆయమ్మ ఏమైనా నేర్చుకుందా అని మళ్ళీ అనుమానం. చివరికి దిమ్మ తీసుకెళ్ళి వరండాలో నాన్న ఒళ్ళో పెట్టాను. ఏదో తోచక పెట్టాను, ఏమీ ఆశించలేదు.

బొటనవేలితో ఆ చుట్లని ఒకసారి నిమిరారు. "బాగానే పట్టింది" అన్నారు. తర్వాత నా వైపు చూశారు. నన్ను కాదు, నాలో ఆయమ్మని చూశారు.

"అమ్మడూ, పెద్దదానికి చెప్పకు. చిన్నోణ్ణి తిడుతుంది. వాడు కావాలని చేయలేదు."

"ఏం చేశాడు?" అన్నాను.

"నన్ను ఒక్క గంట మర్చిపోయాడు. నేను ఇప్పుడు అందర్నీ మర్చిపోవట్లేదూ? నన్నెవరైనా తిడుతున్నారా?"

"చెప్పను" అన్నాను. "ఒట్టు?" అన్నారు. ఒట్టేశాను.

ఆ సాయంత్రమే ఆయమ్మ ఇంటికి వెళ్ళాను. మెట్ల మీద కూర్చుని పెద్దపిల్లకి జడ వేస్తోంది. నన్ను చూసి లేవలేదు, లేవాలని కూడా నేననుకోలేదు. అక్కడే కింది మెట్టు మీద కూర్చుని, నాన్న అన్నది చెప్పాను. అప్పుడు చెప్పింది. నువ్వు వెళ్ళిన రెండు వారాలకి నీ గమ్ము జారి హ్యాండిల్ వదులైందట. అప్పుడు నాన్నకి ఇంకా మంచి రోజులు ఉండేవి. వ్యాయామం దగ్గర చెట్టు నీడలో కారు ఆపించి, ఏ స్క్రూ ఎటు తిప్పాలో చెప్తూ ఆవిడ చేత విప్పించారట. జేబులోంచి దారం తీసి తన చేత్తోనే చుట్టారట. పెద్దమ్మాయికి చెప్పనని నాకు మాటివ్వు అని అప్పుడే అడిగారట.

"నేను అడిగినప్పుడైనా చెప్పొచ్చుగా? నీ పని పోతుంటే?" అన్నాను.

"ఆయన వింటున్నారమ్మా" అంది. "ఇచ్చిన మాట ఆయనకి గుర్తుందో లేదో నాకెలా తెలుస్తుంది? గుర్తుంటే?"

ఆ నలభై నిమిషాల సంగతి కూడా అప్పుడే తెలిసింది. ముందు సీటులోంచి లాగబోతే నాన్న భయపడి కాళ్ళు బిగదన్ని రాలేదట. సాయానికి గేటు దాకా పరిగెత్తింది, ఎవరూ లేరు. తిరిగొచ్చి ముందు సీట్ల మధ్య కింద కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని, ఆయన నెమ్మదించేదాకా మాట్లాడుతూ కూర్చుందట. కింద కూర్చున్న మనిషి పళ్ళ బండి అతనికి ఎలా కనిపిస్తుంది? పప్పులో కాలేసింది నేను. లాకు వేయించింది నేను, అద్దం పిడి పీకింది నేను, ఆయన్ని చూసుకునే మనిషిని వెళ్ళగొట్టింది నేను. ఇంతమందీ కలిసి నా దగ్గర దాచారంటే, నేను అంత భయపెట్టే మనిషినా అని రెండు రోజులు అదే ఆలోచన. జవాబు నువ్వు ఇప్పటికే రాశావు. బాధగా ఉంది చిన్నోడా. దాచుకోవడం ఎందుకు?

క్షమించమన్నాను. వెంటనే సరేననలేదు. మర్నాడు చెప్తానంది. మర్నాడు ఒక్క షరతు పెట్టింది: మీకు అన్నీ తెలిసిపోయాయని పెద్దాయనకి తెలియకూడదు.

నిన్న హ్యాండిల్ బిగించాం. రెండు కాళ్ళకీ నీ ఇనపపట్టీలు, బుల్లి స్క్రూలు. నాన్న దారం విప్పలేదు. చూస్తే ఈసారి ముందు విరిగింది నువ్వు లాగినప్పుడు విరగనిది, ఆ తళతళలాడే రెండో కాలు. అది పోయాక ఒంటికాలు మీద ఎంతసేపని ఆగుతుంది? ఆ రెండోదానికి కూడా దారం చుట్టమని ఆయన చేతికిచ్చాను. నాలుగు చుట్లు చుట్టి, ఎందుకు చుడుతున్నారో మర్చిపోయి ఆపేశారు. మిగిలిన ఐదూ నేను చుట్టాను. ముడి పైనే ఉండిపోయింది. వచ్చాక నువ్వు సరిచెయ్యి. పిల్లల లాకు తీసేశాను, అద్దం పిడి మళ్ళీ పెట్టాను. ఇకమీదట కొట్టు ఆ మూడు పూటలూ మూసేసి వెనక సీట్లో ఆయన పక్కన నేనే కూర్చుంటాను.

తలుపు తెరిచి ఉండగానే లాకు నాలుక మూసి, ఆయమ్మ ఇరవైసార్లు లాగి చూసింది. ప్రతిసారీ టక్కున విడింది. అప్పుడు నాన్నను లోపల కూర్చోబెట్టి తలుపు మూసి, బయట్నుంచి తెరిచింది. దిగుతూ దిగుతూ ఆయన నన్ను ఓరగా చూసి, ఆవిడ చెవి దగ్గరికి వంగి, "దానికి చెప్పలేదుగా?" అన్నారు.

"లేదండీ" అంది ఆయమ్మ.

నేను ఏమీ విననట్టు అటు తిరిగి, కింద పడ్డ క్లిప్పులు ఏరుకుంటూ కూర్చున్నాను. ఇరవయ్యో తారీకున నువ్వొచ్చాక, ఆయన చూస్తుండగా నువ్వు కూడా నాకేమీ తెలియనట్టే నడుచుకోవాలి.

నీ అక్క